నాలుగో గడి

మా పాప ఒకటో తరగతి. మొన్న వాళ్ళ టీచర్ ఫోన్ చేసి ఒకసారి బడికి వచ్చి కలవమన్నారు. అంత చిన్నపిల్ల ఏం తప్పు చేసి ఉంటుందా అని దారంతా ఆలోచించుకుంటూ పోయాను. తప్పేమీ లేదట. క్లాసులో పిల్లలకు పేపర్లో వచ్చే మూడు గళ్ళ బొమ్మ ఒకటి చూపించారట. మొదటి గడిలో ఒక లావుపాటాయన దర్జాగా నడిచి వస్తుంటాడు. రెండో గడిలో ఆయన ముందర అరటితొక్క. మూడో గడిలో కాళ్ళు పైకి, టోపీ గాల్లోకి. పిల్లలందరూ పడీపడీ నవ్వారు. మా పాప మాత్రం నవ్వకుండా, "ఆయన్ని ఎవరు లేపినారు మిస్?" అని అడిగిందట. ఇంకో బొమ్మ చూపిస్తే దానికీ అలాంటి ప్రశ్నే.

"ఇంట్లో నవ్వుతుందా అండీ?" అని టీచర్ చాలా మెల్లగా అడిగారు.

నవ్వుతుందనే చెప్పాను. చెప్పిన తర్వాత ఎప్పుడు నవ్విందా అని లోపల వెతుక్కోవడం మొదలుపెట్టాను. ఒకసారి ఎవరైనా డాక్టరుకు చూపిస్తే మంచిదేమో, కంగారేం లేదు, అన్నారామె. కంగారేం లేదన్న ఆ మాట దగ్గరే నాకు కంగారు మొదలైంది. ఆ రెండు రోజులూ ఫోనులో చదవకూడనివన్నీ చదివాను. మా ఆయన, పిల్ల బాగానే ఉంది, నువ్వే లేనిపోనివి తెచ్చిపెట్టుకుంటున్నావు అన్నాడు. అయినా డాక్టరు దగ్గర రోజు ఖాయం చేసుకున్నాను.

ఆదివారం పేపర్లో పిల్లల పేజీ తీసి పాపను పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఈ కాలంలో ఆ బొమ్మలు రోజూ రావడం లేదు, వారానికి ఒకటి దొరికితే గొప్ప. ఒకాయన నిచ్చెనెక్కి గోడకు సున్నం కొడుతుంటాడు, కింద మేక నిచ్చెనను నెడుతుంది, సున్నం బక్కెట్టు ఆయన నెత్తిన బోర్లా పడుతుంది. ఇందులో నవ్వు ఎక్కడుందో పాపకు పాఠం చెప్పినట్లు చెప్పాను. ఆయనకేమో మేక వస్తున్న సంగతి తెలియదు, మనకు తెలుసు, చూశావా, అందుకే నవ్వొస్తుంది అన్నాను. పాప బుద్ధిగా విన్నది. అర్థమైందన్నది. కాసేపు ఆ బొమ్మ వైపే చూసి అడిగింది.

"కండ్లలో సున్నం పడింటాది కదమ్మా. కడుక్కున్నాడా?"

అంతలోనే ఎందుకో తడిసిన వేరుశనక్కాయల పొట్టు వాసన నా ముక్కుకు తగిలింది. ఈ ప్రశ్న నేను ఇంతకుముందే విన్నాను. పాప గొంతులో కాదు, మా జేజి గొంతులో.

జేజి అంటే మా నాయన తల్లి. కర్నూలుకు పడమట, ఎర్రనేల ఎక్కువా వాన తక్కువా ఉండే ఒక పల్లెలో ఉండేది. అమ్మకు తమ్ముడు పుట్టే నెలలు కావడంతో ఆ యేడు ఎండాకాలం సెలవుల్లో నన్ను జేజి దగ్గర వదిలిపెట్టారు. బడులు తెరిచినా నన్ను తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. నాకది పండగే.

మా వైపు వేరుశనక్కాయల్ని బుడ్డలంటారు. మొదటి వానలు పడే ముందు, విత్తనానికని దాచిన బుడ్డల మూటలు విప్పి, చేతులతో ఒలిచి గింజ తీసేవాళ్ళు. ఇప్పుడు మిషన్లు వచ్చాయి. అప్పట్లో విత్తనం గింజను మిషనుకు వేస్తే బద్దలవుతుందని, పైపొర లేచిపోతుందని జేజి ఒప్పుకునేది కాదు. పొట్టు మెత్తబడటానికి ముందురోజు సాయంత్రం కాయల మీద నీళ్ళు చిలకరించి, తడి గోతాం కప్పి ఉంచేది. పొద్దున ఆ గోతాం తీయగానే తడిమట్టి వాసన గుప్పుమనేది. ఊరంతా ఎండిపోయి ఉంటే, వాన వాసన ఒక్క మా పంచలోనే ఉండేది. నేను గోతాం తీసే వేళకు లేచి, ఆ కుప్ప మీద ముఖం పెట్టి పీల్చేదాన్ని.

నాపరాళ్ళు పరిచిన ఆ పంచలో ఒలవడానికి వీధిలో ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. రోజూ తప్పకుండా వచ్చేది ఇద్దరు. ఒకామె పక్కింటి పెద్దమ్మ. ఆమె నవ్వితే వీధి చివర్లో కుక్క లేచేది. ఇంకొకామెను ఉర్దూలో పిన్నిని పిలిచినట్లు ఊరంతా ఖాలా అనేది. ఎదురింట్లో గుడ్డలు కుట్టేది, కుట్టుపని లేని రోజుల్లో బుడ్డలకు వచ్చేది. బొటనవేలితో కాయ ముక్కు మీద నొక్కితే టప్పుమని విచ్చుకునే శబ్దం పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పంచ నిండా వినిపించేది.

బుడ్డలు ఒలిచే చోట ఒక చిక్కుంది. చేతిలో గింజ ఉంటుంది, నోరు దగ్గరలోనే ఉంటుంది. ఒకటి తింటే ఎవరికీ తెలియదు. అందరూ అలా ఒక్కొక్కటే తింటూ పోతే సాయంత్రానికి ఎంతో నేలకు పడాల్సిన విత్తనం కడుపుల్లో పడుతుంది. తినొద్దని ముఖం మీద చెప్పడం మర్యాద కాదు. అందుకని మా వైపు ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉండేది. ఒలిచేవాళ్ళ నోళ్ళు ఊరికే ఉండనిచ్చేవాళ్ళు కాదు. పాట పాడించేవాళ్ళు, కథ చెప్పించేవాళ్ళు, ఊళ్ళో తగాదాల గురించి అడిగేవాళ్ళు. పాడే నోట్లో గింజ నిలవదు. జేజి పాడేది కాదు గానీ ఎవరి పాట ఆగితే వాళ్ళ వైపు చూసేది. ఆ చూపు చాలు, ఆగిన పాట మళ్ళీ మొదలయ్యేది.

ఆ యేడు జేజి చూపులో ఇంకొకటి కూడా ఉండేది. అంతకుముందు యేడు పంట సగమే వచ్చింది. అందులోంచి తిండికీ అమ్మకానికీ పోనీకుండా పట్టుబట్టి దాచిన మూటలవి. ఎండాకాలం చివర్లో ఒకరోజు మోడం కమ్మి నాలుగు చినుకులు పడగానే, ఇంక వాన వచ్చేసినట్లేనని జేజి ఒలవడం మొదలుపెట్టించింది. పొట్టులో ఉన్నంతకాలం గింజకు భయం లేదు. ఒలిచిన గింజ ఎక్కువ కాలం ఆగదు, పురుగు పడుతుంది, మొలక చచ్చిపోతుంది. ఒలవడమంటే వానతో మాట ఇచ్చి పుచ్చుకున్నట్లు. జేజి తన మాట నిలబెట్టుకుంటూ మూట తర్వాత మూట విప్పుతోంది. వాన మాత్రం ఆ నాలుగు చినుకుల తర్వాత ముఖం చూపించలేదు. మా తాత, జేజినాయన, పోయినప్పటి నుంచి సేద్యమంతా ఆమె ఒక్కదాని మీదే. మూటలు తగ్గేకొద్దీ, ఒలిచిన గింజల కుప్ప పెరిగేకొద్దీ ఆమె మాట తగ్గిపోయింది.

పేపరు సంగతికి వస్తాను. మా ఊరికి పేపరు మధ్యాహ్నం బస్సులో, బస్టాండు దగ్గర హోటలుకు వచ్చేది. హోటలాయన్ను నేను మామా అనేదాన్ని. ఆ రోజంతా మగవాళ్ళు చదివి నలిపిన పేపరును మామ మరునాడు పొద్దున చింపి, అందులో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు కట్టిచ్చేవాడు. అంటే లోకంలో ఏం జరిగిందో మా ఇంటికి ఒకరోజు ఆలస్యంగా, నూనె మరకలతో, వేడివేడిగా తెలిసేది. పనివాళ్ళకని జేజి నన్ను పంపించి బజ్జీలు తెప్పించేది. ఒకరోజు ఆ పొట్లం విప్పితే బజ్జీల కింద మూడు గళ్ళ బొమ్మ కనిపించింది. అందులో ఒక బట్టతలాయన ఉండేవాడు. ఆయన ఏ పని మొదలుపెట్టినా మూడో గడికల్లా అది ఆయన మీదికే వచ్చేది. నేను ఉగ్గాని మరిచిపోయి, ఆ బొమ్మ చూసి నాలో నేనే నవ్వుకుంటుంటే పెద్దమ్మ ఏమిటని అడిగింది. చదివి చూపించాను. పెద్దమ్మ నవ్వింది, ఖాలా నవ్వింది. జేజి ఆ ఇద్దరి నోళ్ళ వైపూ చూసింది. పాటకంటే నవ్వే మేలని ఆమెకు అప్పుడే తోచినట్లుంది. రేపటి నుంచి ఆ బొమ్మ ఉన్న ముక్కలోనే బజ్జీలు కట్టివ్వమని మామకు చెప్పిరమ్మంది.

అలా నాకొక ఉద్యోగం దొరికింది. పొద్దున పొట్లం విప్పడం, బజ్జీలు పంచడం, నూనె కాగితాన్ని లంగాకు తుడిచి అందరికీ చూపించి చదవడం. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నంత కాలేజీలో కూడా నేర్చుకోలేదేమో అనిపిస్తుంది.

మొదట్లో మూడు గళ్ళూ ఒక్కసారే చూపించేదాన్ని. పెద్దమ్మ కళ్ళు నేరుగా మూడో గడి మీదికి పోయేవి, నేను మొదటిది చదివేలోపే నవ్వేసేది, నా చదువు వృథా అయ్యేది. అందుకని కాగితాన్ని మూడు మడతలు పెట్టి, ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాను. రెండో గడి దగ్గర కాసేపు ఆగాలి. మరీ ఆగితే విసుక్కుంటారు, ఆగకపోతే నవ్వరు. ఎంతసేపు ఆగాలో చెప్పడం కష్టం, ఒక కాయ ఒలిచి గింజ చేటలో వేసేంతసేపు అనుకోండి. ఒకరోజు నూనె మరక మూడో గడిలోని మాటల్ని మొత్తం మింగేసింది. బట్టతలాయన నోరు తెరిచి ఉన్నాడు, ఏమన్నాడో తెలియదు. ఆ రోజు నా పని అయిపోయిందనుకున్నాను. కానీ ఆ ఖాళీలోకి పెద్దమ్మ ఒక మాట వేసింది, ఖాలా ఒక మాట వేసింది, ఇద్దరూ పోటీపడ్డారు, అన్ని రోజులకంటే ఎక్కువ నవ్వింది ఆ రోజే.

ఏది చూసి నవ్వొస్తుందన్నదాని మీద ఆ ఇద్దరికీ ఎప్పుడూ కుదిరేది కాదు. పెద్దమ్మ లెక్క పెద్దమ్మది.

"పడేది ఎవరో సూడాల పాపా. ఊరు నాదే అని నడిచేటోడు పడితే నవ్వు. మూట మోసేటోడు పడితే నవ్వు యాడొస్తాది?"

అది నిజమేనని తర్వాత ఒక బొమ్మలో తేలింది. అందులో పడింది బట్టతలాయన కాదు, ఆయనకు టీ తెచ్చే పనివాడు. కప్పులన్నీ పగిలాయి. బొమ్మ గీసినాయన బాగానే గీశాడు, పంచలో ఎవరూ నవ్వలేదు. ఆ కప్పుల డబ్బులు వాడి కూలిలో కోస్తారని పెద్దమ్మ కాసేపు బాధపడింది.

ఖాలా పడినవాడిని చూసేదే కాదు. పక్కన నిలబడిన వాళ్ళ ముఖాలు చూడమనేది. బట్టతలాయన భార్య చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడిన తీరు, మూలన పిల్లి ఒక కన్ను మూసుకుని పడుకున్న తీరు, ఇవి చూసి నవ్వేది. కుట్టుపని చేసే మనిషి కదా, ఆయన చొక్కాకు ఒక గడిలో మూడు గుండీలు, ఇంకో గడిలో రెండే ఉన్నాయని కూడా కనిపెట్టేది. ఆ గుండీ భార్యే పీకి ఉంటుందని చెప్పి మళ్ళీ నవ్వించేది.

జేజి మాత్రం నవ్వేది కాదు. మూడో గడి విప్పి నేను ఆమె వైపు చూస్తే, చేతులు ఆపకుండానే అడిగేది.

"మల్ల లేసినాడా?"

బొమ్మ అయిపోయింది జేజీ, అని చెప్పేదాన్ని. అయిపోతే ఎట్లా, ఆ యప్ప ఇంకా కిందనే ఉండాడు కదా అనేది. భార్య చీపురు విసిరితే, సాయంత్రం అన్నం పెట్టిందా అని అడిగేది. ఒక బొమ్మలో బట్టతలాయన పేపరు చదువుకుంటూ నడిచి బావిలో పడ్డాడు. పెద్దమ్మ నవ్వి నవ్వి చేట ఒలకబోసుకుంది. జేజి, ఆ బావిలో నీళ్ళుండాయా అని అడిగింది. ఉన్నాయి జేజీ, పైకి చిమ్మినట్లు గీశాడు అని చూపించాను. నీళ్ళుంటే బతికినాడులే అని మళ్ళీ కాయ ఒలుచుకుంది. మా ఊరి బావుల్లో అప్పుడు పడితే రాళ్ళ మీదే పడాలి.

ఒకరోజు జేజి లోపలికి పోయినప్పుడు పెద్దమ్మ చేట చెరుగుతూ ఖాలాతో అన్నది. "ఈమె నవ్వి శానా దినాలైంది కదమ్మే. ఈమె నవ్వితే గాని వాన పడేట్టు లేదు."

ఆ మాట ఆమె ఊరికే అన్నది. నేను ఊరికే వినలేదు. ఆ యేడు వాన కోసం ఊళ్ళో ఎవరికి తోచింది వాళ్ళు చేస్తున్నారు. పిల్లలం రోకలికి కప్పను కట్టి ఇల్లిల్లూ తిరిగాము, ఆడవాళ్ళు మా మీద బిందెలతో నీళ్ళు పోశారు. కప్పతో పడే వాన జేజి నవ్వితే ఎందుకు పడదు? ఆ రోజు నుంచి నేను బొమ్మలు చదివింది పెద్దమ్మ కోసం కాదు, ఖాలా కోసం కాదు. ఒలిచిన గింజల కుప్ప నా మోకాలు దాటింది. దానికి పురుగు తగిలేలోపు జేజి నవ్వాలి.

నేను చేయని పని లేదు. గొంతు మార్చి చదివాను. బట్టతలాయన పడినట్లు పంచలో పడి చూపించాను. మోచెయ్యి చీరుకుపోయింది, జేజి దానికి పసుపు పెట్టింది గానీ నవ్వలేదు. బొగ్గుతో నేనే గోడ మీద బొమ్మ గీశాను. గోడ పాడు చేసినందుకు రెండు తగిలించింది. ఆమెకు ఈ బొమ్మలు అర్థం కావడం లేదేమో అనుకుని విడమరిచి చెప్పాను. అంతా విని, "అర్థమయ్యింది పాపా. ఇంతకూ లేసినాడా?" అన్నది.

అట్లా ఉండగా ఒకరోజు పొట్లంలో వాన బొమ్మ వచ్చింది. మొదటి గడిలో బయట జోరువాన, బట్టతలాయన ఇంటి కప్పు కారుతోంది, ఆయన కింద ఒక బిందె పెట్టాడు. రెండో గడిలో ఇల్లంతా కారుతోంది, నేల కనపడకుండా బిందెలు, తపేలాలు, చెంబులు, గ్లాసులు. మూడో గడిలో పెట్టడానికి ఇంకేమీ లేక, భార్య చూస్తుండగా ఆయన తన టోపీ తీసి తిరగేసి పట్టుకుని నిలబడ్డాడు. టోపీ నిండి పొర్లుతోంది.

ఇది జేజిని నవ్విస్తుందని నాకు నమ్మకం కలిగింది. బజ్జీలు పంచి, కాగితం మడతపెట్టి, నేరుగా జేజి ఎదురుగా పోయి కూర్చున్నాను. మొదటి మడత విప్పాను. జేజి చేతులు ఆగాయి. అన్నాళ్ళలో అవి ఆగడం అదే మొదటిసారి. రెండో మడత విప్పేలోపే కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుని, వెలుతురుకు పెట్టి, కళ్ళకు దగ్గరగా పట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది. వేలు పెట్టి ఒక్కొక్క బిందె మీదా జరుపుకుంటూ పోయింది. మూడో గడి చేరింది. నవ్వలేదు.

వెనక పెద్దమ్మా ఖాలా కూడా నవ్వలేదు. పంచ అంతా నిశ్శబ్దం. ఒలిచే టప్పుటప్పు శబ్దం కూడా లేదు. నాకు ఏడుపొచ్చింది. వాన లేని ఊళ్ళో వాన బొమ్మ చూపించి అందరినీ బాధపెట్టానని అనుకున్నాను. మిగతా దేశంలో ఇల్లు కారితే నవ్వులాటేమో. ఇక్కడ ఆ ఇంట్లో ఉన్న నీళ్ళే కనిపిస్తాయి.

జేజి కాగితం మీద నుంచి కళ్ళు ఎత్తకుండానే అడిగింది. "బిందెలన్నీ నిండినాయంటావా మే?"

అడిగింది పెద్దమ్మను. పెద్దమ్మ పలకలేదు. మామూలుగా ఒక మాటకు నాలుగు చెప్పే మనిషి. జేజి మళ్ళీ అడిగింది. "ఊఁ" అని మాత్రం వినిపించింది. జేజి కాగితం దించి చూసింది. నేనూ తిరిగి చూశాను.

పెద్దమ్మ రెండు బుగ్గలూ పూరీల్లా పొంగి ఉన్నాయి. ఖాలా గోడ వైపు తిరిగి, గోడ మీద ఏదో అద్భుతం ఉన్నట్లు చూస్తోంది. ఆమె బుగ్గ కూడా అంతే. అన్నాళ్ళూ జేజి కళ్ళు వాళ్ళ నోళ్ళ మీదే ఉండేవి. ఆ రోజు మొదటిసారి ఆ కళ్ళు కాగితం మీదికి పోయాయి. సందు దొరికింది కదా అని ఇద్దరూ పిడికెడు పిడికెడు నోట్లో వేసుకున్నారు. వేసుకున్నాక నమిలితే శబ్దం వస్తుంది, మింగితే గొంతుకు అడ్డం పడుతుంది. పెద్దమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

జేజి ఆమె వైపు చూసింది, ఖాలా వీపు వైపు చూసింది, చేతిలో కాగితం వైపు చూసింది.

"బిందెల సంగతి తెలీదు గానీ, ఈడ నోళ్ళయితే నిండినాయి" అన్నది.

అంటూనే నవ్వింది. మొదట భుజాలు కదిలాయి, తర్వాత శబ్దం వచ్చింది. ముందు పళ్ళు రెండు లేవని నాకు ఆ రోజే తెలిసింది. పెద్దమ్మకు నవ్వాగక గింజలన్నీ చేటలోకి చిమ్మాయి. ఖాలా గోడకు తల ఆనించి ఊగిపోయింది. జేజి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, మళ్ళీ వాళ్ళ వైపు చూసి మళ్ళీ నవ్వింది. నేను మాత్రం వీధిలోకి పరుగెత్తి మోడం పట్టిందేమోనని ఆకాశం వైపు చూశాను.

ఈ కథ నేను చాలామందికి చెప్పాను. కాలేజీ హాస్టల్లో చెప్పాను, పెళ్ళైన కొత్తలో మా ఆయనకు చెప్పాను. ఎప్పుడు చెప్పినా ఆకాశం వైపు చూడటం దగ్గర ఆపేసేదాన్ని, అందరూ నవ్వేవాళ్ళు. మొన్న ఆదివారం, సున్నం బక్కెట్టు బొమ్మ పక్కన పెట్టేసి, పాపకూ చెప్పాను. పెద్దమ్మ ముఖం ఎలా ఉండిందో చూపించడానికి నా బుగ్గలు కూడా పూరించాను.

పాప కొంచెం నవ్వుమొహం పెట్టింది, అంతే. నా ముఖం వైపే చూస్తూ ఉంది. ఇంకా ఏదో రావాలన్నట్లు ఎదురుచూస్తోంది.

"వాన వచ్చిందా?" అని అడిగింది.

ఇన్నేళ్ళలో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేను కూడా అడగలేదు. నవ్వు రావాలంటే మూడో గడిలో ఆగిపోవాలి. బొమ్మలు గీసేవాళ్ళకు ఆ సంగతి తెలుసు, అందుకే నాలుగో గడి గీయరు. నేనూ అలాగే మా జేజిని ఆ పంచలో, పళ్ళు లేని ఆ నవ్వు దగ్గర, ఆపి పెట్టుకున్నాను. పాప అడిగేసరికి ఆ తర్వాతది గుర్తు తెచ్చుకోవాల్సి వచ్చింది.

వాన రాలేదు. మరునాడు రాలేదు, ఆ వారం రాలేదు, ఆ కార్తె రాలేదు. నేను జేజిని నిలదీశాను, నువ్వు నవ్వినావు కదా, వాన ఎందుకు రాలేదని. పెద్దమ్మ అన్న మాట కూడా చెప్పాను. జేజి నన్ను దగ్గరికి తీసుకుంది.

"నవ్వొచ్చి నవ్వినా గానీ వాన కోసరం నవ్వినానా పాపా?" అన్నది.

ఒకరోజు పొద్దున జేజి కుప్పలో చెయ్యి పెట్టి, ఒక గింజ తీసి గోటితో చీల్చి చూసింది. ఇంకొకటి చీల్చింది. రెండింట్లోనూ మొలక చచ్చిపోయి ఉంది. మరుసటి రోజు నూనె మిల్లు వాళ్ళ ఆటో వచ్చి వాకిట్లో నిలబడింది. వీధిలో వాళ్ళు వచ్చి చూస్తూ నిలబడ్డారు, చావు ఇంటికి వచ్చినట్లు. విత్తనంగా ఒలిచిన గింజ నూనెకు పోవడమంటే ఆ యేడు సేద్యం పోయినట్లే. సంచులు ఎత్తే ముందు జేజి పెద్దమ్మనూ ఖాలానూ పిలిచింది. కొంగు పట్టమంది. చేటతో ముంచి ఇద్దరి ఒడిలో పోసింది.

"తినండి. ఇంక దాసుకోని తినే పనిల్యా" అన్నది.

ఆ ఇద్దరూ ఒడి పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఎవరూ ఒక్క గింజ నోట్లో వేసుకోలేదు. జేజి వాళ్ళ వైపు చూడలేక ఆటో వైపు తిరిగింది. అప్పుడు పెద్దమ్మ ఒకే ఒక్క గింజ నోట్లో వేసుకుంది. వేసుకుని, రెండు బుగ్గలూ ఆ రోజులాగా పూరించి, జేజి ముందుకు పోయి నిలబడింది. కళ్ళల్లో నీళ్ళు కూడా ఆ రోజులాగే ఉన్నాయి. జేజి చూసింది. ముఖం తిప్పుకోబోయింది. మూతి బిగపట్టింది. చివరికి ఆ రెండు పళ్ళ సందు మళ్ళీ కనిపించింది. ఆటో తోలే మనిషి, ఈ ఆడవాళ్ళకేమన్నా పిచ్చి పట్టిందా అన్నట్లు చూశాడు.

ఆ తర్వాత ఎప్పుడో ఆలస్యంగా పడిన వానకు జేజి ఉలవలు చల్లింది. వచ్చే యేటికి విత్తనం ఎట్లాగని వెతుక్కుంది, దొరికించుకుంది, మళ్ళీ మూటలు కట్టింది. అప్పటికి నన్ను అమ్మానాయనల దగ్గరికి, కడపకు తీసుకొచ్చేశారు. జేజి ఇప్పుడు లేదు. ఆ పంచలో ఇప్పుడు ఎవరూ ఒలవడం లేదు.

ఇదంతా పాపకు చెప్పాను. పెద్దమ్మ రెండోసారి బుగ్గలు పూరించింది చెప్పేటప్పుడు నాకు తెలియకుండానే నా బుగ్గలు పొంగాయి, కళ్ళు కూడా తడిశాయి. పాప ఒక్కక్షణం నన్ను చూసింది.

"అయితే జేజి లేసింది" అన్నది.

అని గట్టిగా నవ్వింది. పక్కింట్లోకి వినపడేలా, మా పెద్దమ్మ నవ్వినట్లు. నా బుగ్గల్ని రెండు చేతులతో నొక్కి గాలి పోనిచ్చి, మళ్ళీ చెయ్యమంది. మళ్ళీ చేశాను. మళ్ళీ నవ్వింది. మా ఆయన లోపలి నుంచి ఏమైందని అడిగాడు. మేము చెప్పలేదు.

డాక్టరు దగ్గర ఖాయం చేసుకున్న రోజు ఇంకా అలాగే ఉంది. పోతాం. నా కంగారు నాది, అది ఒక్క రోజులో పోయేది కాదు. టీచర్ అడిగినదానికి మాత్రం ఇప్పుడు నా దగ్గర సరైన జవాబుంది. రేపు పాపను దింపడానికి పోయినప్పుడు ఆమెతో చెబుతాను. నవ్వుతుందండీ. కాకపోతే పడినాయన లేచాక నవ్వుతుంది.